మధ్యయుగపు యుద్ధాన్ని టేబుల్ మీద ఆడాలంటే ఏ రణభూమిని ఎంచుకోవాలి? తవ్వకాలు ఏం తేల్చాయో చూసి చెబుతున్న సలహా

హిస్టారికల్ వార్‌గేమింగ్, అంటే పాత యుద్ధాలను చిన్న సైనికుల బొమ్మలతో, పాచికలతో టేబుల్ మీద ఆడటం, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది చేసే పని ఒకటే. పేరున్న యుద్ధం ఏదో ఒకటి, ఎక్కువగా హేస్టింగ్స్ గానీ అజిన్‌కోర్ట్ గానీ, పట్టుకుని, ఆ సైన్యాలకు కావలసిన బొమ్మలన్నీ కొనేసి, నెలల తరబడి కూర్చుని వాటికి రంగులు వేసి, అంతా అయ్యాక అప్పుడు టేబుల్ మీద కొండ ఎక్కడ పెట్టాలి, బురద ఎక్కడ పెట్టాలి అని వెతుక్కుంటారు. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. ఆ యుద్ధం ఏ పొలంలో జరిగిందన్న దాని మీద చరిత్రకారులే ఇంకా కొట్టుకుంటున్నారు.

అందుకే నేను ఎవరైనా అడిగితే ముందు నేల సంగతి చూడమంటాను. ఆ చోట సర్వే చేశారా, తవ్వారా, ఏం దొరికింది, ఏం దొరకలేదు అన్నది చూసుకుని దాన్ని బట్టి యుద్ధాన్ని ఎంచుకోండి. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. పురావస్తు ఆధారాలు బాగా ఉన్న యుద్ధాలన్నీ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు. బాస్వర్త్ నేల "ఎక్కడ" అన్నది చెబుతుంది. అల్జుబరోటా "ఎలా నిలబడ్డారు" అన్నది చెబుతుంది. విస్బీలో "ఎవరు, ఏం తొడుక్కుని" అన్నది తెలుస్తుంది. టౌటన్ అన్నీ కాస్త కాస్త చెబుతుంది, ముఖ్యంగా ఎలా చచ్చారో. ఈ నాలుగింటి గురించీ కింద ఒక్కొక్కటిగా చెబుతాను. మీ ఆటలో మీకు ఏది ముఖ్యమో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

నేల ఎందుకు కొన్నిచోట్ల నోరు విప్పదు

యుద్ధం అయిపోగానే గెలిచినవాళ్లు, వాళ్ల వెనక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, శవాల మీద ఉన్నదంతా ఊడబెరుక్కుపోతారు. ఇనుము ఆ రోజుల్లో ఖరీదైన వస్తువు, కత్తి పొలంలో వదిలేసి పోయేవాడు ఎవడూ ఉండడు. మిగిలేవి తెగిన పట్టీల బకిల్స్, చిన్న చిన్న బ్యాడ్జీలు, బట్టల తగిలింపులు, మట్టిలో దిగబడ్డ బాణం మొనలు. వాటిలో ఇనుపవి తుప్పు పట్టి మాయమవుతాయి. నేల ఆమ్లగుణం ఉన్నదైతే మరీ త్వరగా. సీసం మాత్రం వందల ఏళ్లు అలాగే ఉంటుంది.

దీని నుంచి ఎంపికకు పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. తుపాకులు, ఫిరంగులు రణభూమిలోకి వచ్చాక జరిగిన యుద్ధాలను, అంటే దాదాపు 15వ శతాబ్దం వాటిని, కనిపెట్టడం తేలిక. ఎందుకంటే సీసపు గుండ్లు దొరుకుతాయి. 1066 నాటి హేస్టింగ్స్, 1314 నాటి బానక్‌బర్న్ లాంటి వాటికి ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఇనుము మీదే ఆధారపడాలి, ఇనుమేమో ఉండదు. ఉన్నా దొరకదు, ఎందుకంటే హాబీగా మెటల్ డిటెక్టర్ తిప్పేవాళ్లు ఎక్కువమంది ఇనుము సిగ్నల్‌ను ఆపేసుకుని తిరుగుతారు. ప్రతి మేకుకూ, ప్రతి గుర్రపు నాడా ముక్కకూ తవ్వుతూ పోతే సాయంత్రానికి నడుం పడిపోతుంది మరి. అలా బాణం మొనలు ఎన్ని మట్టిలోనే ఉండిపోయాయో.

సరిగ్గా చేసే సర్వే వేరేగా ఉంటుంది. పొలాన్ని పది మీటర్ల ఎడంతో వరసలుగా విడగొట్టుకుని నడుస్తారు, దొరికిన ప్రతిదాని స్థానాన్నీ జీపీఎస్‌తో గుర్తిస్తారు, ఏదైనా గుంపుగా కనిపించిన చోట వరసలు ఇంకా దగ్గర చేసి మళ్లీ నడుస్తారు. విడిగా చూస్తే ఒక్కో బకిల్ ఎందుకూ కొరగాదు. మ్యాప్ మీద చుక్కలన్నీ పెట్టాక అవి ఏ ఆకారంలో పరుచుకున్నాయన్నదే అసలు ఆధారం. వార్‌గేమర్‌కు కావలసింది కూడా సరిగ్గా ఆ చుక్కల మ్యాపే. ఆ చుక్కలు లేని యుద్ధానికి మీరు చేసే టేబుల్ ఒక ఊహాచిత్రం, అంతే. ఊహాచిత్రంతో ఆడకూడదని నేననను, తెలిసి ఆడండి అంటాను.

బాస్వర్త్, 1485: నా మొదటి ఓటు

ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ ఇక్కడే చచ్చాడు, హెన్రీ ట్యూడర్ రాజయ్యాడు. 1485 ఆగస్టు 22. ఈ యుద్ధం లెస్టర్‌షైర్‌లో ఆంబియన్ హిల్ అనే గుట్ట మీద జరిగిందని చాలాకాలం అందరూ నమ్మారు, 1970ల్లో అక్కడే సందర్శకుల కేంద్రం కూడా కట్టేశారు, జెండాలు పాతేశారు. ఈలోగా కొందరు పాత దస్తావేజులు తిరగేసి, ఇది గుట్ట మీద కాదు, కింద చిత్తడి నేల పక్కన మైదానంలో జరిగి ఉండాలని వాదించారు. దస్తావేజుల్లో ముచ్చటైనది ఒకటుంది: గెలిచాక హెన్రీ, తన సైన్యం వల్ల పంట పోయిన ఊళ్లకు నష్టపరిహారం ఇప్పించాడు. ఆ ఊళ్లు ఆథర్‌స్టన్, విదర్లీ, మాన్సెటర్ వైపువి, అంటే గుట్టకు పడమటి దిక్కు.

2005లో మొదలైన సర్వే దీన్ని తేల్చింది. బ్యాటిల్‌ఫీల్డ్స్ ట్రస్ట్ తరఫున గ్లెన్ ఫోర్డ్ నడిపించిన ఆ బృందం ఏళ్ల తరబడి పొలాలు గాలించింది. ముందు చిత్తడి నేల ఎక్కడుండేదో వెతికారు. మట్టి నమూనాలు తీసి, కుళ్లిన మొక్కల పొరలకు కార్బన్ డేటింగ్ చేయించి, ఏ పల్లం 15వ శతాబ్దంలో నిజంగా బురదగా ఉండేది, ఏది అంతకు ముందే ఆరిపోయింది అన్నది విడదీశారు. తర్వాత డిటెక్టర్లు. సర్వే చివరికొచ్చేసరికి, ఫెన్ లేన్ అనే పాత రోమన్ రోడ్డుకు అటూ ఇటూ, సందర్శకుల కేంద్రానికి నైరుతిగా దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, సీసపు గుండ్లు బయటపడ్డాయి. 30కి పైగా దొరికాయి. యూరప్‌లో ఏ మధ్యయుగ రణభూమిలోనూ అప్పటిదాకా అన్ని దొరకలేదు. చిన్నవి 30 మి.మీ. వ్యాసం ఉన్నవి, పెద్దవి 90 మి.మీ. పైచిలుకు. కొన్నింటి లోపల రాయో ఇనుమో పెట్టి చుట్టూ సీసం పోశారు.

అన్నింటికన్నా గొప్పది మాత్రం ఒక చిన్న బ్యాడ్జీ. వెండి మీద బంగారు పూత, అడవి పంది బొమ్మ. అడవి పంది రిచర్డ్ చిహ్నం. 1483లో అతని కొడుకు పట్టాభిషేకం లాంటి వేడుక కోసం బట్టతో చేసిన పంది బ్యాడ్జీలు 13,000 పంచారు. అవి అందరికీ పంచేవి. వెండిది అలా కాదు, రాజుకు దగ్గరివాడైన ఏ నైటో గుండె మీద పెట్టుకునేది. అది దొరికింది ఫెన్ హోల్ అనే చోట, ఆ పాత చిత్తడి అంచున. రిచర్డ్ తన సొంత దళంతో హెన్రీ మీదికి చివరి దాడి చేశాడని, గుర్రం బురదలో ఇబ్బంది పడిందని కథలు చెబుతాయి. బ్యాడ్జీ వాటి పక్కన పెట్టి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద దొరికిన రిచర్డ్ అస్థిపంజరం మీద పుర్రెకు తగిలిన దెబ్బలు కూడా గుర్రం దిగాకో, పడ్డాకో, శిరస్త్రాణం పోయాకో తగిలినవే.

వార్‌గేమర్‌కు ఇందులో ఉన్న లాభం ఏమిటంటే, టేబుల్ మీద మూడు విషయాలు దాదాపు ఖాయం: రోడ్డు, చిత్తడి, గుండ్లు పడిన ప్రాంతం. ఇవి పెట్టేశాక ముందు దళాలు ఎటు తిరిగి ఉన్నాయన్నది చాలావరకు తేలుతుంది. ఖాయం కానిది స్టాన్లీ అన్నదమ్ములు ఎక్కడ నిలబడి చూశారన్నది. ఎవరి పక్షమో చివరిదాకా తేల్చని ఆ వేల మంది సైన్యం ఆటకు ప్రాణం. నేను చూసినంతలో అందరికన్నా బాగా పనిచేసే పద్ధతి, స్టాన్లీలకు రెండు మూడు చోట్లు ముందే గుర్తు పెట్టుకుని, ఏ చోటో, ఎన్నో వంతులో దిగుతారో పాచిక వేసి నిర్ణయించడం. ఆధారం లేని చోట పాచిక వేయడం నిజాయితీగా ఉంటుంది. ఆధారం ఉన్న చోట పాచిక వేస్తే మాత్రం ఇంత సర్వే ఎందుకు చేశారట?

లోటు కూడా చెప్పాలి. బాణాల గురించి బాస్వర్త్ నేల పెద్దగా ఏమీ చెప్పలేదు. విలుకాళ్లు ఎక్కడి నుంచి వేశారన్నది మళ్లీ పుస్తకాల్లోంచి తెచ్చుకోవాల్సిందే.

టౌటన్, 1461: ఎముకలు, బాణాలు రెండూ ఉన్నది

ఇంగ్లండ్ సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాలు చేసిన గులాబీ యుద్ధాల్లో ఒకటి. యార్క్‌షైర్‌లో, 1461 మార్చి 29న, మంచు తుపానులో జరిగింది. ఇంగ్లండ్ నేల మీద ఇంతకన్నా రక్తపాతం జరిగిన యుద్ధం లేదంటారు. అప్పటి లెక్క 28,000 మంది చనిపోయారని. ఈ లెక్కను నేల మీద పెట్టి చూద్దాం. టౌటన్‌కూ సాక్స్‌టన్‌కూ మధ్య ఉన్న మెట్ట, పడమట కాక్ బెక్ వాగు లోయ, తూర్పున వాలు, మధ్యలో సైన్యాలు సర్దుకోగల వెడల్పు కిలోమీటరుకు అటూ ఇటూ. మనిషికి మీటరు చొప్పున ఒక వరసలో వెయ్యి మంది. పది వరసల లోతు పెడితే పదివేలు. వెనక రిజర్వులు ఎన్ని పెట్టుకున్నా, చచ్చినవాళ్లే 28,000 అంటే అది కాకిలెక్కగానే కనిపిస్తుంది. ఇలాంటి లెక్క ఎవరైనా ఇంట్లో కూర్చుని చేయొచ్చు, అందుకు ముందు స్థలం ఖాయంగా తెలియాలి. ఇక్కడ తెలుసు.

1996లో టౌటన్ హాల్ దగ్గర ఇంటి పని చేస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు తవ్వితే దాదాపు ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గుంటలో 37 మందికి పైగా, ఒకరి మీద ఒకరిని కుక్కి పూడ్చినట్టు కనిపించారు. దెబ్బలు ఎక్కువ తల మీదే. ఒక్కో పుర్రె మీద ఒకటి కాదు, పలు దెబ్బలు, కొన్ని వెనక నుంచి. శిరస్త్రాణం ఉన్నవాడికి అలాంటి గాట్లు పడవు. అంటే పారిపోతూనో, పట్టుబడ్డాకో చంపబడ్డారు. ఆ గుంట ఉన్నది కూడా ముఖ్య పోరు జరిగిన చోట కాదు, అక్కడి నుంచి ఉత్తరంగా కిలోమీటరుకు పైగా దూరంలో. వాళ్లలో ఒకడి దవడ మీద పాత గాయం మానిన గుర్తు ఉంది. అంటే అంతకు ముందు ఏదో యుద్ధంలో దవడ చీలినా బతికి, మళ్లీ ఇక్కడికి వచ్చి చచ్చాడన్నమాట. అనుభవజ్ఞులు అని రూల్సులో రాసుకునే యూనిట్‌కు ఇంతకన్నా ముఖం ఏముంటుంది.

మెట్ట మీద పొలాల్లో ఏళ్ల తరబడి జరిగిన డిటెక్టర్ గాలింపులో ఇనుప బాణం మొనలు గుంపుగా దొరికాయి. ఇనుమును పట్టించుకునే సర్వే చేస్తే ఏం జరుగుతుందో ఇది చూపించింది. యార్క్ పక్షం విలుకాళ్లు గాలి వాటం చూసుకుని ముందు బాణాలు వేసి వెనక్కి తగ్గితే, ఎదురుగాలిలో లాంకాస్టర్ బాణాలు మధ్యలోనే పడిపోయాయని కథ. ఆ కథను పట్టుకుని ఏ టేబుల్ మీద ఎంత దూరంలో గీత గీయాలో మొనల గుంపు చెబుతుంది. ఇంకో ముక్క: పేలిపోయిన చేతి తుపాకుల గొట్టం తునకలు కూడా దొరికాయని 2010లో బయటపెట్టారు. కాబట్టి టౌటన్ సైన్యంలో తుపాకీవాళ్ల బేస్ (కొన్ని బొమ్మలు కలిపి అతికించే చిన్న పలక) ఒకటి పెట్టుకుని, వాడు కాల్చినప్పుడల్లా పాచిక మీద ఒకటి పడితే వాడే పోయే రూలు పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

బాస్వర్త్‌తో పోలిస్తే టౌటన్ ఎవరికి మంచిదంటే, ఆట ముగింపు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు. చాలా రూల్సులో ఒక పక్షం చెదిరిపోగానే ఆట అయిపోయింది, టీ తాగుదాం అంటారు. టౌటన్‌లో మారణకాండ అక్కడ మొదలవుతుంది. వాగు వైపు, ఊరి వైపు పరుగు. దాన్ని రెండో టేబుల్‌గా పెట్టుకుని, పారిపోయే పక్షం ఎంతమందిని వాగు దాటించగలదు అన్నది గెలుపుగా లెక్కపెడితే గొప్ప ఆట అవుతుంది. చిక్కు ఏమిటంటే స్థలం. సాక్స్‌టన్ నుంచి టౌటన్ దాకా మొత్తం ఒకే టేబుల్ మీద పెట్టాలంటే, సెంటీమీటరుకు పది మీటర్ల స్కేల్‌లో మూడు మీటర్ల బల్ల కావాలి. అంత హాలు మనలో ఎంతమంది ఇళ్లలో ఉంటుంది?

అల్జుబరోటా, 1385: బల్ల చిన్నదైతే ఇదే

పోర్చుగల్ యుద్ధం కాబట్టి మనవాళ్లలో చాలామంది పేరు కూడా విని ఉండరు. వినాల్సినదే. ఆగస్టు 14న, చిన్నదైన పోర్చుగీసు సైన్యం, ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలుకాళ్లు కొందరు తోడుగా, పక్కనే ఉన్న స్పెయిన్ రాజ్యం కాస్టీల్ రాజు తెచ్చిన పెద్ద సైన్యాన్ని సావో జార్జ్ దగ్గర ఇరుకు మెట్ట మీద ఆపి చితక్కొట్టింది. పోర్చుగీసు సేనాని నూనో అల్వారెస్ పెరేరా తన జెండా నిలబెట్టిన చోటే తర్వాత చిన్న ప్రార్థనా మందిరం కట్టించాడు, అది ఇంకా ఉంది. స్థలం విషయంలో ఇంత తేలికైన ఆనవాలు వేరే యుద్ధానికి అరుదు.

1950ల చివర్లో అఫోన్సో దో పాసో ఆ మందిరం చుట్టూ తవ్వించాడు. దొరికినవి కత్తులూ బాణాలూ కాదు, గుంటలు. గుర్రాల కాళ్లు విరగడానికి వరసలుగా తవ్విన గుంటలు, ఎనిమిది వందలకు పైగా, వాటితో పాటు పొడవాటి కందకాలు. పోర్చుగీసు సైన్యం ముందు నేలను ఎలా ఇరుకు చేసి, శత్రువును మధ్యలోకి ఎలా తోసుకొచ్చారో ఆ గుంటల వరసలు చూస్తే తెలుస్తుంది. అదే చోట నాలుగు వందల మందికి తక్కువ కాకుండా మనుషుల ఎముకలూ బయటపడ్డాయి. ఒక్క మధ్యాహ్నంలో ఇన్ని గుంటలు ఎలా తవ్వారన్నది అడగదగ్గ ప్రశ్నే, ఎందుకంటే పోర్చుగీసువాళ్లు పొద్దున ఉత్తరానికి తిరిగి నిలబడ్డారు, కాస్టీల్‌వాళ్లు చుట్టూ తిరిగి దక్షిణం నుంచి వస్తున్నారని చూసి మొత్తం సైన్యాన్ని వెనక్కి తిప్పుకున్నారు.

ఆ ప్రశ్ననే ఆటగా మార్చుకోవచ్చు. పోర్చుగీసు ఆటగాడికి యుద్ధానికి ముందు కొన్ని వంతులు ఇవ్వండి. ప్రతి వంతులో ఎన్ని గుంటలు తవ్వాలి, ఎంతమంది విశ్రాంతి తీసుకోవాలి అన్నది వాడిష్టం. కాస్టీల్ ఆటగాడికి రెండే దారులు: సాయంత్రం కావస్తోంది, ఇప్పుడే దాడి చేయడమా, మనుషులందరూ వచ్చేదాకా ఆగడమా. చరిత్రలో ఆగలేదు, గంటలోపే అంతా అయిపోయింది.

మెట్ట వెడల్పు కొన్ని వందల మీటర్లే కాబట్టి సెంటీమీటరుకు ఐదు మీటర్ల స్కేల్ పెట్టినా మామూలు డైనింగ్ టేబుల్ మీద సరిపోతుంది. బేస్‌లు తక్కువ. పక్కల వాగులు, మధ్యలో గుంటలు, వెనక మందిరం ఉన్న చోటు, అంతే భూభాగం. మొదటిసారి ఆడేవాళ్లకు బాస్వర్త్ కన్నా ముందు ఇదే చెప్పాలేమో అనిపిస్తుంది నాకు కొన్నిసార్లు. చెప్పకపోవడానికి కారణం బొమ్మలు. 14వ శతాబ్దపు ఐబీరియన్ (స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు) తేలికపాటి గుర్రపు దళాల బొమ్మలు వెతకాలి, గులాబీ యుద్ధాల బొమ్మలైతే 28 మి.మీ. ఎత్తు ప్లాస్టిక్‌లో పెట్టెలకు పెట్టెలు దొరుకుతాయి.

విస్బీ, 1361: టేబుల్ కోసం కాదు, బొమ్మల కోసం

స్వీడన్‌కు చెందిన గాట్లాండ్ దీవి. డెన్మార్క్ రాజు వాల్డెమార్ అట్టర్‌డాగ్ జులై 27న విస్బీ నగరం గోడల బయట దీవి రైతుల సైన్యాన్ని ఊచకోత కోశాడు, నగరవాసులు గోడ లోపలే ఉండి తర్వాత లొంగిపోయారు. 1905 నుంచి మొదలుపెట్టి అక్కడ సామూహిక సమాధులు తవ్వితే, మూడు గుంటల్లోనే 1,185 మంది ఎముకలు తేలాయి. వేసవి వేడికి శవాలు చెడిపోవడంతో కాబోలు, కవచాలు తీయకుండానే పూడ్చేశారు. అందుకే గొలుసు కవచాల తలపాగాలు, బట్ట లోపల ఇనుప రేకులు బిగించిన కవచాలు, చేతి తొడుగులు దొరికాయి. మధ్యయుగపు సామాన్య సైనికుడు నిజంగా ఏం తొడుక్కున్నాడో, పెయింటింగ్‌లో గీసింది కాకుండా చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. కాలి పిక్కల మీద దెబ్బలు చాలా ఎక్కువ. డాలు కింద నుంచి కాళ్లు నరికారు. చనిపోయినవాళ్లలో పిల్లలు, ముసలివాళ్లు కూడా తక్కువేం కాదు.

యుద్ధంగా ఆడితే మాత్రం ఇది ఏకపక్షం. రైతుల పక్షం తీసుకున్న స్నేహితుడు రెండోసారి మీ ఇంటికి రాడు. ఆడాలనే ఉంటే, విస్బీకి రెండు రోజుల ముందు మాస్టర్‌బీ దగ్గర జరిగిన పోరు చూడండి. బురద నేల, వాగు మీద దాటు, రైతులు దారి కాచుకోవడం. అక్కడ ఈ మధ్య దశాబ్దాల్లో మెటల్ డిటెక్టర్ సర్వే కూడా జరిగింది. చిన్న సైన్యాలతో రెండు గంటల్లో తేలిపోయే ఆట, రైతులకు గెలిచే అవకాశం కూడా ఉంటుంది.

పేరు పెద్దవి, ఆధారం చిన్నవి

హేస్టింగ్స్ గురించి ఎవరూ నొచ్చుకోవద్దు. ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ పడిన చోట, గెలిచిన నార్మండీ డ్యూక్ విలియం మఠం కట్టించాడని సంప్రదాయం, ఆ మఠం ఇంకా ఉంది. కానీ ఆ మఠం కట్టడానికే కొండ పైభాగం చదును చేశారు, పొలంలో యుద్ధానిదని ఖాయంగా చెప్పగలిగిన వస్తువేమీ తేలలేదు. కాల్డ్‌బెక్ హిల్ అని ఒకరు, క్రౌహర్స్ట్ అని ఒకరు, 2013లో ఒక టీవీ బృందం లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచిన) మ్యాప్ చూసి, ఇప్పుడు రోడ్డు కూడలి ఉన్న ఇరుకు మెట్ట దగ్గర అని. స్కాట్లాండ్‌లోని బానక్‌బర్న్ కూడా అంతే. 1314 జూన్‌లో రెండు రోజుల యుద్ధం, రెండో రోజు ఎక్కడన్నది మెట్ట పొలాలా కింద చిత్తడి మైదానమా అని ఇంకా వాదన. ఇంగ్లిష్‌వాళ్లు ఫ్రెంచివాళ్లను ఓడించిన క్రేసీకి సంప్రదాయ స్థలం ఒకటి, 2015లో ఇద్దరు అమెరికన్ చరిత్రకారులు దక్షిణంగా చూపించిన స్థలం ఇంకొకటి. అజిన్‌కోర్ట్‌లో సర్వే చేస్తే చెప్పుకోదగ్గది దొరకలేదు. గులాబీ యుద్ధాల్లో మరొకటైన బార్నెట్‌లో గ్లెన్ ఫోర్డే వెళ్లి వెతికినా బాస్వర్త్ లాంటి ఫలితం రాలేదు.

వీటిని వదిలేయమని కాదు. ఇవి ఆడే పద్ధతి వేరు. రెండు స్థలాలకు రెండు టేబుళ్లు వేసి, అదే సైన్యాలతో రెండిట్లోనూ ఆడి, ఏ నేల మీద చరిత్రలో జరిగినట్టు జరిగే అవకాశం ఎక్కువగా ఉందో చూడండి. క్రేసీకి ఇది చాలా బాగా కుదురుతుంది. సంప్రదాయ స్థలంలో లోయ తూర్పు వైపు నిటారుగా దిగే గట్టు ఒకటుంది, ఫ్రెంచి గుర్రాలు ఆ గట్టు ఎలా దిగాయన్నది మీ టేబుల్ మీద మీరే తేల్చుకోవాల్సి వస్తుంది. ఆట గెలిచినంత మాత్రాన స్థలం రుజువైనట్టు కాదు, అది వేరే సంగతి.

స్కేల్ లెక్క, ఖర్చు లెక్క

ఆరడుగులు, నాలుగడుగుల టేబుల్ అంటే 180 సెం.మీ., 120 సెం.మీ. సెంటీమీటరుకు పది మీటర్లు పెట్టుకుంటే 1.8 కిలోమీటర్లు, 1.2 కిలోమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల బేస్ నలభై మీటర్లు ఆక్రమిస్తుంది. మనిషికి మీటరు, ఐదు వరసలు అనుకుంటే ఒక బేస్ రెండు వందల మంది. బాస్వర్త్‌లో రిచర్డ్ సైన్యం సుమారు పదివేలు అనుకుంటే 50 బేస్‌లు, ఒకే వరసలో పెడితే రెండు మీటర్లు, టేబుల్ దాటిపోతుంది. కాబట్టి ముందు దళం ఒకటి, వెనక రాజు దళం, ఇంకా వెనక రిచర్డ్ పక్షానే వచ్చిన నార్తంబర్లాండ్ ప్రభువు దళం అని లోతుగా పెట్టక తప్పదు. చిత్తడి పెట్టాక అసలే చోటు తక్కువ. నార్తంబర్లాండ్ ఎందుకు పోరులోకి దిగలేదు అని వందల ఏళ్లుగా ద్రోహం కథలు చెప్పుకుంటున్నారు. బొమ్మలు పెట్టి చూస్తే అతనికి ముందుకు రావడానికి దారే లేదేమో అనిపిస్తుంది.

28 మి.మీ. బొమ్మలతో బేస్‌కు నాలుగు పెట్టినా ఒక్క రిచర్డ్‌కే రెండు వందల బొమ్మలు. హెన్రీ, స్టాన్లీలతో కలిపి నాలుగు వందలు. ఇండియాకు తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ తోడై బొమ్మ ధర కన్నా అవే బరువు. నా మాట వింటే, రణభూమి మొత్తం చూపించాలంటే 6 మి.మీ., లేదంటే ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉన్నవాడిని మంచి చేసుకుని 10 మి.మీ. 28 మి.మీ. బొమ్మలు విస్బీ, మాస్టర్‌బీ లాంటి చిన్న పోరులకు దాచుకోండి, అక్కడ కవచం వివరాలు కనపడతాయి కూడా.

మ్యాపులకు పైసా ఖర్చు లేదు. ఇంగ్లండ్ భూమి ఎత్తుపల్లాల లైడార్ డేటా ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ భూపటాల సంస్థ) మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది, 19వ శతాబ్దంలో కంచెలు, చెరువులు ఎక్కడుండేవో కనిపిస్తాయి. ముఖ్యమైన ఇంగ్లిష్ రణభూముల హద్దుల మ్యాపులు, నోట్స్‌తో సహా, అక్కడి వారసత్వ సంరక్షణ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ రిజిస్టర్‌లో ఉన్నాయి. బాస్వర్త్, టౌటన్ లాభం ఇక్కడ కూడా తెలుస్తుంది, అల్జుబరోటాకు ఇంత సులువుగా దొరకవు, కాకపోతే 2008లో తెరిచిన అక్కడి కేంద్రానికి వెళ్తే గుంటలు చూడొచ్చు.

లెస్టర్‌లో, లీడ్స్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకు ఒక మాట. టౌటన్‌లో మెట్ట మీద నడక దారి ఉంది, వెళ్లి నడవండి, వాగు వైపు వాలు ఎంత నిటారో ఫొటోలో అర్థం కాదు. బాస్వర్త్‌లో కేంద్రం ఇప్పటికీ ఆంబియన్ హిల్ మీదే ఉంది, అసలు పొలాలు రైతులవి. డిటెక్టర్ పట్టుకుని మాత్రం వెళ్లకండి. ఇంగ్లండ్‌లో భూమి యజమాని అనుమతి లేకుండా కుదరదు, స్వీడన్‌లో లైసెన్స్ లేకుండా కుదరదు, అనుమతి ఉన్నా రణభూమిలో వస్తువు స్థానం రాయకుండా పీకేస్తే ఆ చుక్కల మ్యాప్‌లోంచి ఒక చుక్కను మీరే చెరిపేసినట్టు.

మరి మన తళ్లికోట?

ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు. 1565 జనవరి 23, అళియ రామరాయల మరణం, విజయనగరం కూలిపోవడం. యుద్ధం పేరే మూడు రకాలుగా చెబుతారు, తళ్లికోట, రాక్షసి తంగడి, బన్నిహట్టి అని. పేరులో ఉన్న ఊళ్ల మధ్య దూరాలు చూస్తే రెండు సైన్యాలు ఎక్కడ కలబడ్డాయన్నది మ్యాప్ మీద వేలు పెట్టి చూపించడం కష్టమని తెలుస్తుంది. అందుకని దీన్ని నేను హేస్టింగ్స్ వర్గంలో వేస్తాను, కృష్ణ ఒడ్డున రెండు మూడు చోట్లకు టేబుళ్లు వేసుకుని ఆడాల్సినది.

అయినా ఒక విషయంలో ఇది హేస్టింగ్స్ కన్నా మెరుగు. అహ్మద్‌నగర్ పక్షం ఫిరంగుల అధిపతి రూమీ ఖాన్, విజయనగరం సైన్యం దగ్గరికి వచ్చాక, ఫిరంగుల్లో గుండ్లకు బదులు రాగి నాణేల సంచులు కూరి కాల్పించాడని దక్కన్ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఇది నిజమైతే వంగిపోయిన, నలిగిపోయిన రాగి నాణేలు ఒకే పొలంలో గుంపుగా ఉండాలి. మామూలుగా జేబులోంచి జారిన నాణెం అలా ఉండదు. బాస్వర్త్ పద్ధతిలో పది మీటర్ల వరసలతో సర్వే చేస్తే పట్టుబడే ఆధారం అది. ఆ పని పురావస్తు శాఖది. మనం డిటెక్టర్ వేసుకుని వెళితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది, పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాల్సిందే.

ఈలోగా ఆడాలంటే, రూమీ ఖాన్ ఫిరంగుల వరసను టేబుల్ మీద ఖాయంగా పెట్టి, నాణేల కాల్పును ఆటలో ఒక్కసారే వాడుకునే అవకాశంగా ఇవ్వండి. రామరాయల పల్లకీని ఎంత ముందుకు తేవాలన్నది విజయనగరం ఆటగాడి ఇష్టం. ముందుకొస్తే సైన్యానికి ధైర్యం, పట్టుబడితే ఆట అక్కడికక్కడే అయిపోతుంది.